జాలీ కిటికీలో కొలతకో పేరు
ఆలంపూర్ నవబ్రహ్మ ఆలయాల్లో బాదామి చాళుక్యుల నాటి రాతి జాలీ కిటికీలున్నాయి. అలాంటిదొకటి కంప్యూటర్‌లో గీయమంటే మన ఇంజినీరింగ్ కుర్రాడు ఏం చేస్తాడు? ఒక రంధ్రం గీసి, స్కెచ్ ప్యాటర్న్ నొక్కి, దూరం దగ్గర 100 అని అంకె కొట్టేస్తాడు. నాకు గిట్టనిది ఇదే. వెడల్పు 900 మిల్లీమీటర్లు, చివరి రంధ్రాల నడిబొడ్డు నుంచి అంచుకు చెరో 50, వరుసకు 9 రంధ్రాలు అనుకుందాం. ఈ మూడింటికీ పేర్లు పెట్టి, వెడల్పులోంచి రెండు అంచులు తీసేసి, సంఖ్యలో ఒకటి తగ్గించి భాగించమంటే అప్పుడూ 100 వస్తుంది. రేపు వెడల్పు 1,000 చేస్తే దూరం తానే 112.5 అవుతుంది. (ఆ ‘ఒకటి’ తగ్గించడం మరిచినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆఖరి రంధ్రం అంచు దాకా రానేలేదు.) స్థపతులకిది కొత్తా? నవతాళమంటే విగ్రహం ఎత్తు తొమ్మిది ముఖాలు; రాయి పెద్దదైతే ముఖం పెరుగుతుంది, తొమ్మిది మారదు. డిజైన్ సాఫ్ట్‌వేర్లయిన ఫ్యూజన్‌లో పారామీటర్ల పట్టిక, ఫ్రీక్యాడ్‌లో స్ప్రెడ్‌షీట్ చేసేదీ ఈ పనే. రెండోదానికి పైసా ఖర్చు లేదు. ల్యాబ్ మాస్టార్లూ, మార్కులేసే ముందు బొమ్మ చూసి మురిసిపోకండి, వెడల్పు మార్చి చూడండి.