ఖాళీ తక్కెడ – ఆకు వెలుగు

ఆకు పచ్చగా ఉంటుందని పసిపిల్లలకు కూడా తెలుసు. అదే ఆకు ఎండలో ఎర్రగా వెలుగుతుందంటే నమ్మటం కష్టం. కానీ అది నిజం. పత్రహరితం తాను గ్రహించిన వెలుగులో సుమారు 1–2 శాతాన్ని ఎర్రని కాంతిగా, ఎరుపు అంచున మన కంటికి ఆనీ ఆనని కాంతిగా తిరిగి వెదజల్లుతుంది. 1834లో డేవిడ్ బ్రూస్టర్ ఆల్కహాలులోకి దించిన ఆకుపసరు గుండా ఎండను పోనిచ్చి ఈ ఎరుపును చూశాడు. ఫ్లోరెసెన్స్ అన్న పేరు 1852లో జార్జి స్టోక్స్ పెట్టినది. తెలుగులో దీనిని ప్రతిదీప్తి అంటున్నారు. మాట చక్కగా ఉంది కనుక ఈ టపాలో అదే వాడుతున్నాను.

దీనిని విమానం నుండి కొలిచి పొలాల పటాలు గీస్తున్నారు. ఆ పటాల నాణ్యతను దేనితో తూచాలన్నదే నా ప్రశ్న.

ముందుగా, ఈ కొలత ఎందుకు? ఆకు తాను గ్రహించిన వెలుగును మూడు దారుల్లో ఖర్చు చేస్తుంది: కొంత ఆహారం తయారీకి, కొంత వేడిగా, మిగిలిన పిసరంత ప్రతిదీప్తిగా. ఒక దారి మూసుకుపోతే తక్కిన దారుల్లో మార్పు వస్తుంది. 2015లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, కిరణజన్య సంయోగక్రియను అడ్డుకొనే కలుపుమందును ఒక పచ్చికపై చల్లి, పక్కనే మందు చల్లని పచ్చికతో పోల్చారు. పరావర్తనంలో రెండింటికీ తేడా కనబడలేదు. విమానంలోని పరికరం మాత్రం మందు చల్లిన పచ్చిక ఎక్కువగా వెలుగుతున్నదని పట్టుకొన్నది. కంటికి పచ్చగానే ఉన్న మొక్క లోపలి బాధను పైనుండి తెలుసుకోవచ్చునన్న మాట. ఎక్కువ వెలుగు ఎల్లప్పుడూ ఆరోగ్యానికి గుర్తు కాదన్న హెచ్చరిక కూడా ఇందులోనే ఉంది.

పట్టపగలు ఈ వెలుగును కొలవటమంటే సూర్యుడి ముందు దివిటీని కొలవటమే. ఇక్కడ గాలిలోని ప్రాణవాయువు సాయపడుతుంది. అది 687, 760 నానోమీటర్ల దగ్గర ఎండను చాలామటుకు మింగివేసి, వర్ణపటంలో చీకటి పట్టీలను మిగులుస్తుంది. ఆ పట్టీలలో ఆకు మీదినుండి తిరిగివచ్చే ఎండ తక్కువ. ఆకు సొంత వెలుగు మాత్రం అక్కడా ఉంటుంది గనుక, పట్టీ కొంచెం పూడినట్లు కనబడుతుంది. ఆ పూడిక ఎంతో లెక్కగట్టటమే ఈ విద్య.

జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రం, ఫిన్లాండుకు చెందిన స్పెసిమ్ కలసి తయారుచేసిన హైప్లాంట్ అనే పరికరం 2012 నుండి ఈ పనిమీద ఎగిరింది. సుమారు 600 మీటర్ల ఎత్తు నుండి మీటరుకొక చుక్క చొప్పున అది పొలాన్ని చూడగలదు. కానీ విమానానికీ పొలానికీ నడుమ కూడా ప్రాణవాయువు ఉంది కదా! విమానం ఎత్తు, గాలి పీడనం, నేల ఎగుడుదిగుడులు, గాలిలోని ధూళి – వీటిలో ఏది తప్పినా పూడిక లెక్క తప్పుతుంది. పరికరంలో తరంగదైర్ఘ్యాల గుర్తులు వెంట్రుకవాసి జరిగినా చాలు, లేని వెలుగు ఉన్నట్లు వస్తుంది.

అందుచేత విమానం చెప్పినదానిని నేలమీది పరికరం చెప్పినదానితో సరిచూస్తారు. రెండింటి సహసంబంధాన్ని ఆర్-స్క్వేర్ అనే ఒక్క అంకెగా చెబుతారు. ఆ అంకె 1కి దగ్గరగా ఉంటే పటం మంచిదని మనం తృప్తిపడతాం. నా అభ్యంతరం ఇక్కడే.

పది చోట్ల కొలిచారనుకొందాం. ఐదు ఉత్త నేల, ఐదు ఏపుగా ఎదిగిన పైరు. నేల దగ్గర తక్కువ, పైరు దగ్గర ఎక్కువ అని రెండు పరికరాలూ చెబితే చాలు, సహసంబంధం ఘనంగా వస్తుంది. పైరుకూ నేలకూ తేడా చెప్పటానికి విమానమెందుకు? గట్టుమీద నిలబడి ఎవరైనా చెబుతారు. కావలసినది పైరుకూ పైరుకూ నడుమ తేడా. పైగా, విమానం ప్రతిచోటా రెట్టింపు చెప్పినా ఆ అంకె చెక్కుచెదరదు.

సంతలో తూకం వేయించుకొనేటప్పుడు మనం చేసే మొదటి పని ఏమిటి? ఖాళీ తక్కెడ ముల్లు నిటారుగా ఉన్నదా అని చూస్తాం. ఈ పటాలకు ఖాళీ తక్కెడ తారురోడ్డు, దున్నిన ఉత్త నేల. అక్కడ పత్రహరితం లేదు, ప్రతిదీప్తి సున్నా రావాలి. ఎంత వచ్చింది, చుక్కచుక్కకూ ఎంత చెదిరింది అన్నది సహసంబంధం కన్నా ముందు చెప్పాలంటాను.

సున్నా దగ్గర చెదిరే కొలతల్లో కొన్ని ఋణసంఖ్యలు రాక తప్పదు. వెలుగు ఋణమెలా అవుతుందని వాటిని చెరిపివేసి సున్నా పెడితే పటం శుభ్రంగా కనబడుతుంది, సగటు మాత్రం అబద్ధంగా పెరుగుతుంది. అవి కొలత ఎంత వణుకుతున్నదో చెప్పే సాక్షులు. సాక్షులను దాచరాదు.

ఖాళీ తక్కెడ సరిగా ఉంటే సరిపోతుందా? చాలదు. 760 దగ్గర పైరు నేలకన్నా ఎంతో ఎక్కువ ఎండను తిప్పికొడుతుంది కనుక నేలపై కనబడని తప్పు పైరుపై పెద్దదై బయటపడవచ్చు. అందుకే పడికట్టు రాళ్ళు కూడా కావాలి, అనగా నేలమీది కొలతలు. అవి కూడా పొలంలో ఒక చిన్న వలయాన్నే చూస్తాయి. విమానం దాటిన నిమిషానికీ వాటి నిమిషానికీ తేడా ఉంటే ఎండ మారిపోతుంది. ఈ వివరాలు చెప్పని పోలికకు విలువ తక్కువ.

ఇంత పట్టింపు దేనికంటే, ఐరోపా అంతరిక్ష సంస్థ 2015లో ఎంపిక చేసిన ఫ్లెక్స్ ఉపగ్రహం చుక్క 300 మీటర్లు. నేలమీది వలయానికీ, ఆ చుక్కకూ నడుమ వంతెన విమానమే. వంతెన ఒరిగితే ఆ ఒరుగు ఉపగ్రహ పటాల్లోకి పాకుతుంది. వాటిని చూసి ఎండుతున్న పైరును బాగున్నదనుకొంటే నష్టపోయేది పటం గీసినవారు కాదు, దుక్కి దున్నినవారు.

రంగురంగుల పటం చూసినపుడు నా కళ్ళు ఇప్పుడు పచ్చని పొలాలను వెదకవు. ముందు రోడ్డును వెదకుతాయి.