లెక్క అడగడం ద్రోహం కాదు

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో అంగడి రోజు. భూముల కోసం గిరిజన రైతుకూలీ సంఘం సభకు పిలుపిస్తే గోండు గూడేలు కదిలి వచ్చాయి. సభ జరగకూడదన్న పోలీసులు తుపాకులు పేల్చారు. చనిపోయింది 13 మందే అన్నది సర్కారు. నిజనిర్ధారణకు పోయిన పౌరహక్కుల వాళ్లు 60 మంది దాకా ఉంటారన్నారు. ఆదిలాబాద్ అడవి ఆ రెండు అంకెల నడుమ తేడాను ఇవాళ్టికీ మరిచిపోలేదు.

ఆ రెండో అంకె చెప్పడానికి తెగువ కావాలి. అలాంటి నిజాలు చెప్పినందుకు పౌరహక్కుల సంఘం మూల్యం చెల్లించింది. 1985లో జగిత్యాల గోపి రాజన్న, వరంగల్లు డాక్టర్ రామనాథం, 1986లో కరీంనగర్ జిల్లాలో జాపా లక్ష్మారెడ్డి హత్యకు గురయ్యారు. వాళ్ల చేతిలో ఆయుధాలు లేవు. ఉన్నవి కాగితం, కలం, ప్రశ్న.

ప్రాణం పోయేంత బరువున్న ఆ ప్రశ్నను మనం తేలికగా వాడొచ్చా? నిజనిర్ధారణకు ఒక ధర్మం ఉంది. సంఘటన జరిగిన చోటికి పోవాలి. బాధితుల మాట వినాలి, అధికారినీ అడగాలి. చూసింది వేరుగా, విన్నది వేరుగా రాయాలి. సాక్ష్యం చెప్పిన పేదవాడి పేరు బయటపెట్టి అతన్ని ఠాణా పాలు చేయకూడదు. ఆదేశం ఇచ్చిన వాణ్ని వదిలిపెట్టి, గేటు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్‌ను, టేబుల్ ముందున్న గుమాస్తాను తిట్టడం విమర్శ కాదు.

అన్నిటికన్నా కష్టమైన నియమం మరొకటుంది. కొలబద్ద ఒక్కటే ఉండాలి. రాజ్యహింసను నిలదీసినట్టే నక్సలైట్ల హింసనూ ప్రశ్నించాలని వాదించిన బాలగోపాల్, ఆయన మిత్రులు 1998లో మానవహక్కుల వేదిక పెట్టుకున్నారు. అటు పోలీసులకూ, ఇటు చాలామంది పాత మిత్రులకూ ఆ మాట రుచించలేదు. అయినా చెప్పారు.

ఈ కొలబద్ద మనకు ఇప్పుడు మరింత అవసరం. 2014 జూన్ 2 దాకా పాలకులు పరాయివాళ్లన్నాం. ఆ తర్వాత కుర్చీలో కూర్చున్నది మనవాళ్లే. 2023 అక్టోబర్ 21న పాత కరీంనగర్ జిల్లా గడ్డ మీద మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. ఎందుకు కుంగాయని అడిగినవాడు తెలంగాణ ద్రోహి అయిపోతాడా? కాడు. అట్లాగే డ్రాయింగు చూడకుండా, రిపోర్టు చదవకుండా ఇంజనీర్లంతా దొంగలేనని తీర్పు చెప్పేవాడు ప్రజల మనిషీ కాడు.

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా! 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాల్సిన బాధ్యత ఆఫీసుది. ముందు ఆ కాగితం తెప్పించండి. తర్వాత ఎంత గట్టిగానైనా అడగండి. ఆధారం లేని ఒక్క అబద్ధం చాలు, పాలకుడు దాన్ని పట్టుకుని మన వంద నిజాలను కొట్టిపారేస్తాడు. ఇంద్రవెల్లి మృతులకు మనం బాకీ ఉన్నది పక్కా లెక్క. దాన్ని అడుగుతూనే ఉందాం.