మంచం పడితేనే బీమానా?

రొయ్యల గుంటకు వైట్ స్పాట్ వైరస్ తగిలితే పెట్టుబడి రోజుల్లోనే నీళ్లపాలవుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ నెల్లూరు తీరంలోని గుంటల గట్ల దాకా వచ్చింది. మైపాడు, జువ్వలదిన్నెల్లో పడవను నమ్ముకున్నవారికి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, ఆ తర్వాత కొన్నాళ్లకే తుపాన్ల కాలం. ఇలాంటి బతుకుల్లో దిగులు, నిద్రలేమి, తాగుడు ఎక్కడో ఒకచోట కనిపించేవి కావు. అయినా ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు గుండె ఆపరేషన్‌కు ఎంత ఇస్తారని ఆరా తీసే కుటుంబాలు, మనసుకు జబ్బు చేస్తే ఏమిస్తారని అడగడం అరుదు.

అడిగే హక్కును చట్టం ఎప్పుడో ఇచ్చింది. శారీరక జబ్బులకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో మానసిక జబ్బులకూ అదే ప్రాతిపదికన ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21(4) సెక్షన్ ప్రతి బీమా సంస్థనూ ఆదేశించింది. చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. ఆ ఆగస్టులోనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ హైదరాబాద్ నుంచి సర్క్యులర్ పంపింది. నాలుగేళ్లు గడిచాక, 2022 అక్టోబరులో, నెలాఖరులోగా పాలసీలన్నింటినీ మార్చి తీరాలని మళ్లీ గడువు పెట్టాల్సి వచ్చింది.

ఈ నాలుగేళ్లలో నలిగిపోయినవారు పాలసీదారులే. స్కిజోఅఫెక్టివ్ డిజార్డర్‌కు చికిత్స పొందిన ఒక మహిళ క్లెయిమ్‌ను, మానసిక జబ్బులకు పాలసీ వర్తించదంటూ ఒక ప్రభుత్వ రంగ సంస్థ తిరస్కరించింది. చట్టం వచ్చాక అలాంటి మినహాయింపు చెల్లదని 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు తీర్పునిచ్చి, 3.95 లక్షల రూపాయలు చెల్లించమంది. అదే ఏడాది అదే కోర్టు ముందుకు ఇంకో వ్యాజ్యం వచ్చింది. పాలసీ విలువ 35 లక్షలు, మానసిక చికిత్సకు మాత్రం పరిమితి 50 వేలు!

తిరస్కరణ ఇప్పుడు బాహాటంగా జరగదు. అది నిబంధనల్లో దాగి ఉంటుంది. మన ఆరోగ్య బీమా మొత్తం ఆసుపత్రి మంచం చుట్టూ అల్లినది. సాధారణంగా 24 గంటలు అడ్మిట్ అయితేనే క్లెయిమ్. కానీ డిప్రెషన్, ఆందోళన, ఓసీడీతో బాధపడేవారిలో ఎక్కువమందికి మంచం అవసరం రాదు. వారికి కావలసింది నెలనెలా డాక్టరును కలవడం, ఏళ్ల తరబడి మందులు, కౌన్సెలింగ్. నెల్లూరు నుంచి చెన్నైకి వెళ్లివచ్చే కుటుంబానికి ఫీజు, మందులు, ప్రయాణం, పోయిన కూలి కలిసి మీద పడతాయి. ఓపీ రక్షణ లేని పాలసీ ఇందులో ఒక్క రూపాయి కూడా భరించదు. నిమ్‌హాన్స్ జరిపిన 2015-16 జాతీయ సర్వే దేశంలోని పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. అందనివారిని వైద్యుడి దాకా రప్పించాల్సిన బీమా, జబ్బు ముదిరి అడ్మిట్ అయ్యేదాకా ఆగమంటోంది. ఆయుష్మాన్ భారత్‌లోనూ మానసిక రుగ్మతలకు ప్యాకేజీలు ఉన్నాయి, అవీ ఇన్‌పేషెంట్ చికిత్సకే.

తాగుడు సంగతి మరీ అన్యాయం. మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను 2017 చట్టం మానసిక జబ్బు నిర్వచనంలోనే చేర్చింది. ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లో మాత్రం 12వ నంబరు కింద మద్యం, ఇతర వ్యసనాల చికిత్స నేటికీ ఉంది. 1992లో దూబగుంట మహిళలు రోశమ్మతో కలిసి సారా మీద తిరగబడిన జిల్లా ఇది. ఆ ఉద్యమం రాష్ట్రాన్ని కదిలించి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. సంపూర్ణ నిషేధం 1997లో పోయింది. తాగుడు మాన్పించే చికిత్స ఖర్చు మాత్రం ఇప్పటికీ తాగేవారి ఇళ్లలోని ఆడవాళ్ల నెత్తినే ఉంది.

అందుకే పాలసీ ఎంచుకునేటప్పుడు ప్రీమియం కంటే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మానసిక చికిత్సకు విడిగా ఉప పరిమితి పెట్టారా? ఓపీ ఖర్చు, కౌన్సెలింగ్ ఇస్తారా? కొన్ని జబ్బుల కోడ్‌లకే వర్తింపజేస్తూ జాబితా ఇచ్చారా? మానసిక వైద్య విభాగం ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రి నెల్లూరులోనో చెన్నైలోనో ఉందా? పాలసీతోపాటు తప్పక ఇవ్వాల్సిన సమాచార పత్రంలో వీటిలో చాలావాటికి జవాబు దొరుకుతుంది. నచ్చకపోతే 30 రోజుల్లోగా పాలసీ వెనక్కి ఇచ్చేయవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ పోయింది కాబట్టి, ఆ మిగులును ఓపీ రక్షణకు వెచ్చించడం తెలివైన పని.

పాత చికిత్సను దాచడం మాత్రం ప్రమాదం. పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో డాక్టరు చీటీలు దాచే ఇళ్లు, ప్రపోజల్ ఫారంలోనూ అదే పని చేస్తాయి. ముందునుంచీ ఉన్న జబ్బుకు నిరీక్షణ 2024 నుంచి 36 నెలలకు మించకూడదు. నిజం చెప్పి ఆ మూడేళ్లు ఓపిక పట్టడమే మేలు. చెప్పకుండా తీసుకుంటే అవసరమైన రోజున క్లెయిమ్ పోవచ్చు. మానసిక జబ్బు ఉందని తెలిసినవారి కోసం ప్రతి సాధారణ, ఆరోగ్య బీమా సంస్థా ఒక పాలసీ అందుబాటులో ఉంచాలని 2023 ఫిబ్రవరిలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. దాన్ని అడిగి మరీ తీసుకోవాలి. రెన్యువల్ తేదీ చేతిలో డబ్బు ఆడని వేట విరామంలో పడకుండా చూసుకోవడం మత్స్యకార కుటుంబాలకు ముఖ్యం. గడువు, అదనపు రోజులు కూడా దాటితే అప్పటిదాకా గడిపిన నిరీక్షణ అంతా వృథా. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా న్యాయం జరగకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

అయితే భారమంతా కొనేవాడి మీదే మోపడం న్యాయం కాదు. ఐఆర్‌డీఏఐ చేయాల్సినవి రెండున్నాయి. మానసిక జబ్బులకు ఓపీ చికిత్సను ప్రతి పాలసీలో కనీస రక్షణగా చేర్చాలి. 12వ నంబరు మినహాయింపును చట్టంలోని నిర్వచనానికి తగ్గట్టు సవరించాలి. రాష్ట్ర ప్రభుత్వం తన ఆరోగ్య పథకంలో నెలవారీ మందులకు, కౌన్సెలింగ్‌కు చోటిస్తే, ప్రీమియం కట్టే స్తోమత లేని తీరప్రాంత పాలెంలకూ ఆ హక్కు చేరుతుంది.