నాలుగు లైన్లు అడిగే ముందు బస్సు అడుగుదాం



పోయిన ఆదివారం మీటింగులో నేను నోరు తెరవలేదు. తెరిచి ఉంటే గొడవ అయ్యేది. పైగా ఆకులు వేసేసినారు, సాంబారు వాసన వస్తా ఉంది, అప్పుడు ఎవరు వింటారు? అందుకే ఇక్కడ రాస్తా ఉన్నాను. పొడుగుగానే ఉంటుంది. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు ముప్పై దాటినాక మా అమ్మ దగ్గర పంచాంగం పెట్టుకుని నేర్చుకున్నాను. ఒత్తులు తప్పు పోతే సర్దుకోండి. విషయం తప్పయితే మాత్రం వదలకండి, కింద రాయండి.

తీర్మానం ఏమిటో రాని వాళ్ల కోసం చెప్తాను. గుడియాత్తం–పలమనేరు రోడ్డును నాలుగు లైన్లు చేయాలి, దారి పొడుగునా ఊర్ల పేర్లు తెలుగులో కూడా రాయించాలి అని కలెక్టరుకు మను ఇవ్వాలట. అందరూ చప్పట్లు కొట్టినారు. రెండో మాటకు నేనూ కొట్టినాను. మొదటి మాటకు చేతులు రాలేదు.

నాలుగు లైన్లు ఎవరికి కావాలి? ఈ ఒక్క ప్రశ్న ఆ రోజు ఎవరూ అడగలేదు. బెంగళూరు నుంచి వేలూరికి, మద్రాసుకు పోయే కారుకు, లారీకి ఇప్పటికే ఎన్ని దారులు ఉన్నాయో లెక్క పెట్టండి. కృష్ణగిరి, వాణియంబాడి, ఆంబూరు మీదుగా పెద్ద హైవే ఒకటి. ముళబాగిలు, వి.కోట, పేర్ణాంబట్టు, గుడియాత్తం మీదుగా వచ్చే 75వ నంబరు నేషనల్ హైవే ఇంకొకటి. పలమనేరు మీదుగా చిత్తూరుకు దిగి, కాట్పాడి వైపు తిరిగే పాత దారి మూడోది. ఇవి చాలవన్నట్టు 262 కిలోమీటర్ల బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ వే కడతా ఉన్నారు. 2022 మేలో శంకుస్థాపన అయింది. అదీ మన చిత్తూరు జిల్లాలో నుంచే పోతుంది. దాటిపోయేవాళ్లకు ఇన్ని ఉన్నప్పుడు, మన కొండ దారిని కూడా వాళ్లకే రాసిచ్చేద్దామని మనమే పోయి చేతులు కట్టుకుని అడగాలా?

ఈ దారి దాటిపోయేవాళ్ల కోసం పుట్టింది కాదు. 1911 ఏప్రిల్ 1 దాకా గుడియాత్తం, పలమనేరు ఒకే జిల్లా. ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్య పట్టణం అప్పుడు వేలూరు కాదు, చిత్తూరు. ఆ రోజున చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడింది, పలమనేరు అటు పోయింది, ఉత్తర ఆర్కాటు ఆఫీసులు వేలూరికి వచ్చినాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు జిల్లా గీత కాస్తా రాష్ట్రం గీత అయింది. 1960 ఏప్రిల్‌లో తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు అటు పోయింది; మన గీత మాత్రం కొండ మీదే నిలిచిపోయింది. పెళ్లిళ్లు ఆగలేదు, సంతలు ఆగలేదు. వైకాశి నెలలో కౌండిన్య ఒడ్డున గంగమ్మ శిరసు ఊరేగేటప్పుడు ఆ జనంలో పలమనేరు, చిత్తూరు వైపు మనుషులు ఎంతమంది ఉంటారో మీరే చూసి ఉంటారు. మా అక్కను ఇచ్చింది కూడా పైనే. అంటే ఒకే ఇంటికి రెండు వాకిళ్లు ఉన్నట్టు, ఆ రెంటి మధ్య నడవ ఈ రోడ్డు. నడవలో బుల్లెట్ బండి తోలుకోనిస్తామా?

మా అక్క ఇంటికి పోయి వస్తా, మొన్న వానల ముందు, కొండ ఊర్లలో ఒక స్టాపింగులో దిగినాను, ఒకాయనను చూడాల్సి వచ్చి. తిరిగి బస్సు కోసం నిలబడ్డాను. గంటా నలభై నిమిషాలు. నేను క్లర్కును, టైము రాసుకునే అలవాటు రిటైరైనా పోలేదు. నాతో ఒక ముసలామె ఉంది, వేలూరు ఆసుపత్రి కాగితాలు పసుపు సంచిలో పెట్టుకుని. కాలేజీ పిల్ల ఒకతె ఉంది. చెనక్కాయల మూట పెట్టుకుని ఒక రైతు. నీడ లేదు, చింతచెట్టు తప్ప. బస్సు వచ్చింది, నిండిపోయి వచ్చింది, ఆగకుండా పోయింది. ఏ డిపోది అని చెప్పను, చెప్పి లాభం లేదు. ముసలామె తిట్టలేదు, ఏడవలేదు. సంచి చంకలో పెట్టుకుని మళ్లీ కూర్చునింది, అంతే. ఆమెకు అది రోజూ జరిగేదే. ఇప్పుడు చెప్పండి, ఆ నలుగురికీ ఆ రోడ్డు రెండు లైన్లుంటే ఏమి, ఎనిమిది లైన్లుంటే ఏమి?

రెండు ప్రభుత్వాలూ ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చినాయి. తమిళనాడులో 2021 మే నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి. మంచి పనే, నేను ఎగతాళి చేయను. కానీ ఇక్కడిది టౌన్ బస్సుల వరకే, అక్కడిది రాష్ట్రం లోపల తిరిగే బస్సుల వరకే. గీత దాటే బస్సుకు రెండూ వర్తించవు. గుడియాత్తంలో పూలు అమ్ముకుని పలమనేరు వైపు పుట్టింటికి పోయే ఆడకూతురు ముఖ్యమంత్రులిద్దరి ఫోటోలూ చూస్తా పూర్తి టికెట్టు కొనాలి. బస్సు వస్తే. 2017 జులైలో జీఎస్టీ వచ్చి లారీ సరుకుకు పన్ను చెక్‌పోస్టులు ఎత్తేసినారు. టమాటాకు సరిహద్దు పోయింది, టమాటా కోసిన మనిషికి పోలేదు.

"రోడ్డు పెద్దదయితే బస్సులు వాటంతట అవే వస్తాయి మామా" అన్నాడు మన కార్యదర్శి తమ్ముడు. నాయనా, నేను రైల్వేలో ముప్పై ఏళ్లకు పైగా కూర్చున్నాను. బుకింగ్ కిటికీలో నుంచి చూసిన సంగతి చెప్తాను. బండి వేగం పెంచుదాం అని పైన ఎవరైనా అంటే మొట్టమొదట ఎగిరిపోయేది చిన్న స్టేషను స్టాపింగే. కరోనా అప్పుడు ప్యాసింజర్ బండ్లకు ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి, 10 రూపాయల కనీస చార్జీని 30 చేసినారు. 2024 ఫిబ్రవరిలో గానీ మళ్లీ 10 కాలేదు. అన్ని రోజులు పాలక్యాను పట్టుకుని ఎక్కేవాడు ఏమైనాడు? అడిగినవాళ్లు లేరు. రోడ్డు మీద అదే పనిని బైపాస్ బస్సు చేస్తా ఉంది. పెద్ద హైవే పక్క ఊర్లలో మన చుట్టాలుంటే అడిగి చూడండి. బండి ఫ్లైఓవర్ మీద పోతుంది, ఊరు కింద ఉంటుంది, కండక్టరు "అక్కడ దిగరాదు" అంటాడు.

భూమి ధర పెరుగుతుంది అన్నారు కొందరు. పెరుగుతుంది. అమ్ముకునేవాడికి పెరుగుతుంది. పట్టా ఉండి, రోడ్డుకు కాస్త ఎడంగా ఉండి, ఇల్లు గుడియాత్తంలోనో వేలూరులోనో ఉన్నవాడికి పెరుగుతుంది. మన సంఘంలో అట్లాంటివాళ్లు ఉన్నారు, తప్పు అనను, కష్టపడి కొన్నారు. కానీ రోడ్డు అంచునే టీ కొట్టు పెట్టుకున్నవాడు, పొరంబోకులో గుడిసె వేసుకున్న ఇరుళర్ కుటుంబం, రెండు గుంటలు మడి ఉన్న ముసలాయన సంగతేమిటి? మన రాష్ట్రంలో స్టేట్ హైవేలకు భూమి తీసుకునేది 2001 నాటి హైవేస్ చట్టం కింద. పట్టా ఉంటే నష్టపరిహారం గురించి కోర్టుకైనా పోవచ్చు. పొరంబోకులో ఉన్నవాడు ఏ కాగితం పట్టుకుని పోతాడు? అట్లాంటివాళ్లు మన మీటింగుకు రాలేదు. ఎందుకు రాలేదంటే, బస్సు లేదు.

ప్రాణాల మాట. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చచ్చిపోయింది 1,68,491 మంది. అందులో పదింట ఆరుగురు నేషనల్ హైవేలు, స్టేట్ హైవేల మీదే పోయినారు. దేశంలో ఉన్న రోడ్ల పొడవులో ఆ రెండూ కలిపి నూటికి ఐదు వంతులే. ప్రమాదాల సంఖ్యలో మొదటి రాష్ట్రం మనదే, 64,105. ఆ లెక్కలో మా బావ లేడు, ఎందుకంటే చావలేదు. తెల్లారుజామున పాలు పోసి వస్తా ఉంటే వెనక నుంచి ఒక వ్యాను తగిలింది. పక్కకు జరగడానికి మట్టి అంచు లేదు, కాలువ గట్టు మీద రాళ్లే. కుడికాలు పదకొండేళ్లుగా వంగదు. రోడ్డు వెడల్పు అవసరమే కదా మరి అంటారు. అవును, నడిచేవాడి కోసం ఇరుపక్కలా మూడడుగుల మట్టి అంచు అడగండి, నేనే మొదటి సంతకం పెడతాను. బండి కోసం అడిగే వెడల్పు వేరు, మనిషి కోసం అడిగే వెడల్పు వేరు.

ఏనుగుల మాట ఎత్తితే మీటింగులో నవ్వినారు. నవ్వండి. కౌండిన్య అభయారణ్యం 1990లో ప్రకటించినారు, పలమనేరు, కుప్పం వైపు అడవులు. చాలా తరాలు ఏనుగు లేని అడవికి 1980లలో అవి కర్ణాటక, హొసూరు వైపు నుంచి వచ్చి చేరినాయి. వాటికి రాష్ట్రం గీత తెలీదు; సైనగుంట, మోర్ధానా చుట్టూ మామిడి తోటలకు, మడులకు దిగుతాయి. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర పెద్ద హైవే మీద రాత్రి కూరగాయల లారీ గుద్ది మూడు ఏనుగులు పోయినాయి, అందులో రెండు పిల్లలు. అంత పెద్ద జంతువు లైటు వెలుగులో కనపడేలోపే లారీ మీదికొచ్చేసింది. మరి తోట కాపలాకు టార్చి పట్టుకుని రోడ్డు దాటే రైతు కనపడతాడా? మన కొండ దారి మలుపులు తీసేసి నిటారుగా చేస్తే వచ్చే వేగం అదే.

"అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే? వేలూరికి త్వరగా పోవద్దా?" ఇది మన డాక్టరమ్మ అడిగింది. ఆ ప్రశ్నకు నేను తల వంచుతాను, నిజమైన ప్రశ్న. కానీ అమ్మా, కొండ ఊర్ల నుంచి గుండెనొప్పి మనిషి ఆలస్యమయ్యేది హైవే ఇరుకు వల్ల కాదు, హైవే దాకా రాలేకపోవడం వల్ల. 2021 నవంబరు గుర్తుందా? కౌండిన్య పొంగి గుడియాత్తంలో ఒడ్డు ఇళ్లలోకి నీళ్లు వచ్చినాయి. మోర్ధానా డ్యాం నిండితే మిగులు నీళ్లు ఏట్లోకి వచ్చి పడతాయి, తలుపులు మూసి ఆపేది కాదు. అట్లాంటప్పుడు కింద నేల వంతెనలు మునుగుతాయి. ఆ పూట అంబులెన్సు నాలుగు లైన్ల చివర నిలబడి సైరను వేసుకోవాల్సిందే. డ్యాం పేరు అందరికీ తెలుసు, ఆదివారం బైకులు వేసుకుని పోయి సెల్ఫీలు తీసుకుంటారు. ఆ డ్యాంకు పేరిచ్చిన ఊరికి ఎట్లా పోవాలో మన సంఘంలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి చూద్దాం. అక్కడ మాట్లాడేది మన తెలుగే.

ఇక బోర్డులు. తెలుగు అక్షరం కోసం నేను ఎంత తపన పడ్డానో పైనే చెప్పినాను. సైనగుంట, కొట్టమిట్ట, వీరిశెట్టిపల్లి: గుంట, మిట్ట, పల్లి, ఈ పేర్లు ఏ భాషో పచ్చ బోర్డు చెప్పాల్సిన పని లేదు, పిలిచినప్పుడల్లా నోరే చెప్తుంది. బోర్డు అడుగుదాం, తప్పకుండా అడుగుదాం. కానీ బస్సు లేని స్టాపింగులో తెలుగు బోర్డు పెట్టిస్తే ఆ ముసలామె దాన్ని గంటా నలభై నిమిషాలు చదువుతా కూర్చుంటుంది. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి: ఈ దారిలో తమిళులున్నారు, ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు, ఇరుళర్లున్నారు. బోర్డు ఒక్కటే అడిగితే మనం ఒక్కళ్లమే అడిగినట్టు. బస్సు, మట్టి అంచు, మునగని వంతెన అడిగితే ప్రతి ఊర్లో ప్రతి వీధీ మన వెనక వస్తుంది. ఆ అర్జీ అడుగున బోర్డు మాట రాస్తే వాళ్లే సంతకం పెడతారు. 1954లో కామరాజ్‌ను అసెంబ్లీకి గెలిపించి పంపిన ఊరు మనది. ఆయన ఈ ఊరివాడు కాదని ఎవరూ అనలేదు.

కాబట్టి తీర్మానం మార్చమని అడుగుతా ఉన్నాను. పొద్దున స్కూలు, కాలేజీ టైముకు, సాయంత్రం అదే టైముకు, గీత దాటి పలమనేరు దాకా పోయే మామూలు బస్సు, అన్ని ఊర్లలో ఆగేది. ఆ బస్సులో రెండు వైపుల ఆడవాళ్లకూ ఉచితం చెల్లాలి, దానికి రెండు ప్రభుత్వాలు మాట్లాడుకోవాలి. ఊర్ల దగ్గర మట్టి అంచు. మునిగే చోట్ల ఎత్తు వంతెన. అడవి భాగంలో రాత్రి వేగానికి అడ్డుకట్ట. తర్వాత బోర్డులు. నాలుగు లైన్లు అనే మాట కొట్టేయాలి. ఇదే విషయం రాబోయే గ్రామసభలో ప్రతి పంచాయతీ తీర్మానంగా రాయిస్తే, మన లెటర్‌హెడ్ కంటే దానికి బలం ఎక్కువ.

ఎక్కువమంది వద్దంటే మీ తీర్మానమే పోనివ్వండి, నేను సంఘం వదిలి పోను, చందా కూడా ఆపను. కానీ నా పేరుతో నా అర్జీ నేను ఇస్తాను. వచ్చే సోమవారం సత్తువాచ్చారి కలెక్టరేటులో మనునీది రోజు. గుడియాత్తం బస్టాండులో 7 గంటలకు ఉంటాను. అర్జీ తమిళంలో రాసినాను, తెలుగు కాపీ జత చేసినాను. వచ్చేవాళ్లు ఆధార్ జిరాక్స్ ఒకటి పెట్టుకోండి. కొండ ఊర్ల నుంచి వచ్చేవాళ్లు ముందు రోజే చెప్తే మా ఇంట్లో పడుకోవచ్చు, పొద్దున ఆ టైముకు దిగడానికి బస్సు దొరకదు.