ఐడీ ఆగితే ఎవరిని అడగాలి?

రాత్రి పదకొండింటికి మదీనా చౌరస్తాలో ఏ బిర్యానీ హోటల్ ముందు చూసినా డెలివరీ కుర్రాళ్ల బైకులే. పార్సెల్ ఆలస్యమైనా, సాలన్ ఒలికిపోయినా కొన్నవారికి చట్టం అండగా ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు కంపెనీ 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. తేల్చకపోతే 1915కు ఫోన్ చేయవచ్చు. కంపెనీ ఏ బెంగళూరులోనో గురుగ్రామ్‌లోనో ఉన్నా, శాలిబండ వాసి హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు.

ఆ పార్సెల్ మోసుకొచ్చిన కుర్రాడి ఐడీ బ్లాక్ అయితే?

యాప్‌లో టికెట్ రైజ్ చేసి కూర్చోవాలి. జవాబిస్తున్నది మనిషో యంత్రమో తెలియదు. ఎన్నాళ్లలో తేలుతుందో చెప్పేవారుండరు. ఈలోగా బైకు కిస్తీ ఆగదు, ఇంటి కిరాయి ఆగదు. ఒకే ఆర్డర్ మీద ఇద్దరికి తగవు వస్తే, తిన్నవారికి గడువుతో కూడిన హక్కు, తెచ్చినవారికి ఎదురుచూపులు. ఇది అన్యాయం.

ఐడీ ఆపడానికి కంపెనీలు చూపే ఆరోపణలన్నీ నిజమే అయితే ఇంత గొడవ ఉండేది కాదు. హైదరాబాద్‌లో ఒక ఉబర్ డ్రైవర్ తిరుమలలో తలనీలాలు సమర్పించి వచ్చాడు. లాగిన్ కోసం గుండుతో తీసుకున్న సెల్ఫీని యాప్ గుర్తుపట్టలేదు, అకౌంట్‌కు తాళం పడింది. 2022 డిసెంబర్‌లో ఈ సంగతి రాసిన ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ దేశంలో 150 మంది ఉబర్ డ్రైవర్లను అడిగితే, దాదాపు సగం మంది సెల్ఫీ చిక్కుల వల్ల తాత్కాలికంగానో శాశ్వతంగానో పని పోగొట్టుకున్నామన్నారు. మొక్కు తీర్చుకోవడం మోసం కాదని యంత్రానికి ఎవరు చెప్పాలి?

దొంగ లొకేషన్లు పెట్టేవారు, ఐడీలు అద్దెకిచ్చేవారు ఉన్నారని కంపెనీలు అంటాయి. ఉన్నారు. పట్టుకోవాల్సిందే, కానీ ఆధారం చూపించి.

ప్రమాదంలో ప్రాణం పోతే 5 లక్షల బీమాను రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబర్‌లోనే ప్రకటించింది. మంచిదే. బతికుండగా పని పోతే అడిగే చోటు గురించిన ఆలోచన మాత్రం ఆలస్యంగా, 2025 ఏప్రిల్‌లో విడుదల చేసిన గిగ్ వర్కర్ల బిల్లు ముసాయిదాలో కనిపించింది. తొలగించే ముందు రాతపూర్వకంగా కారణం చెప్పాలని, 7 రోజుల నోటీసు ఇవ్వాలని అందులో ఉంది. కర్ణాటక 14 రోజులు పెట్టింది. అయితే అసలు చిక్కు తొలగింపు దగ్గర లేదు. 'తొలగించలేదు, తాత్కాలికంగా ఆపాం' అని కంపెనీ అంటే నోటీసు ఊసే ఉండదు. నెలల తరబడి ఆగిన ఐడీకీ, ఊడిన ఉద్యోగానికీ తేడా ఏమిటి? యూరోపియన్ యూనియన్ 2024 ఆదేశం ఈ సందును మూసింది. అకౌంట్‌ను పరిమితం చేసినా, ఆపినా, తీసేసినా ఆ నిర్ణయం మనిషే తీసుకోవాలని, కారణం రాసివ్వాలని, సమీక్ష కోరితే రెండు వారాల్లో జవాబివ్వాలని స్పష్టంగా చెప్పింది.

ఎక్కడ అడగాలన్నదీ చిన్న విషయం కాదు. కెనడాలో ఫుడ్ డెలివరీ చేసే డ్రైవర్‌కు తగవు వస్తే నెదర్లాండ్స్‌లో మధ్యవర్తిత్వం పెట్టుకోవాలని, ముందుగా 14,500 డాలర్లు కట్టాలని ఉబర్ ఒప్పందం చెప్పింది. ఆ షరతు చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 2020లో తీర్పిచ్చింది. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఉండగా పాతబస్తీ కుర్రాడు వేరే ఊరి గుమ్మం ఎందుకు ఎక్కాలి?

రాష్ట్ర కార్మిక శాఖ చేయాల్సినవి ఉన్నాయి. ఐడీని ఒక్కరోజు ఆపినా తొలగింపు నిబంధనలే వర్తించాలి. ఫిర్యాదులను తేల్చే కంపెనీ సొంత కమిటీ నిర్ణయంపై అప్పీలు హైదరాబాద్‌లోనే, తెలుగులో, ఉర్దూలో వినే అధికారి ముందుకు రావాలి. గడువులోగా తేల్చకపోతే ఐడీ దానంతటదే తెరుచుకోవాలి. తప్పు కంపెనీదని తేలితే, పని లేకుండా పోయిన రోజుల సంపాదనను కంపెనీయే చెల్లించాలి.