పండు పేరిట పంచదార



టౌనుకు వెళ్లి ఫాస్ట్‌ఫుడ్ షాపులో పెద్ద గ్లాసు స్మూతీ తాగి వచ్చి, "పండే కదా పాస్టరుగారూ, ఒంటికి మంచిదే" అంటున్నారు మన యవ్వనస్థులు. రుచి లేదని మేము అనము. కానీ ఆ రుచి పండుదా, పంచదారదా?

మిక్సీలో ఏం వేస్తున్నారో ఒకసారి చూడండి. గుప్పెడు పండు ముక్కలు, ఆపైన పంచదార పాకం, ఐస్‌క్రీము. జామకాయలు నమిలి తింటే రెండింటికే చాలనిపిస్తుంది. అదే రుబ్బి తాగితే నాలుగు పండ్ల తీపి నాలుగు గుక్కల్లో దిగిపోతుంది. పండ్లరసంలోని తీపిని కూడా చక్కెర లెక్కలోనే వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు సుమారు 25 గ్రాముల లోపు, అంటే ఆరు టీ చెంచాల లోపు ఉంటే ఇంకా మేలని కూడా చెప్పింది.

సామెతలు 25:16 చదవండి. అక్కడ తప్పు తేనెది కాదు, మితం తప్పినవానిది. దానియేలు అయితే రాజు భోజనం వద్దని శాకధాన్యాలు, నీళ్లు అడిగాడు.

ఇప్పుడు మందిరంలో కూడికలకు కూడా ఈ తీపి గ్లాసులే వస్తున్నాయి. షుగరు మాత్రలు వేసుకునే తల్లులు మన సంఘంలో ఎందరో ఉన్నారు. వారి స్వస్థతకై మోకరించి ప్రార్థించి, లేచాక వారి చేతికి ఆ గ్లాసే అందిస్తే అది ప్రేమేనా?

వచ్చే కూడికకు జామకాయలు కోసుకొద్దాం. దేవుడు పండును ఎలా ఇచ్చాడో అలాగే తిందాం.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.