సమాధుల పండుగ మెక్సికో నుండి వచ్చిందా?



నవంబరు దగ్గరపడేసరికి ఏటా వచ్చే మెసేజి ఈ ఏడు కూడా మన సంఘపు వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. పుర్రె ముఖంతో, పెద్ద టోపీ పెట్టుకున్న ఒక ఆడమనిషి బొమ్మ. దాని కింద ఎర్ర అక్షరాలు. మెక్సికోలో చనిపోయినవారి దినం అనే సాతాను పండుగ ఉందట, అక్కడివాళ్లు పుర్రెలను పూజిస్తారట, మన సమాధుల పండుగ అక్కడి నుండే దిగుమతి అయిందట. కాబట్టి నవంబరు 2న సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించిన విశ్వాసి దయ్యములతో పాలు పంచుకున్నవాడేనట. పది మందికి పంపమని చివర్లో ఆజ్ఞ కూడా ఉంది. మనవాళ్లు చాలామంది ఆ ఆజ్ఞకు విధేయులయ్యారు.

అది చదివి మన సంఘంలోని ఒక తల్లి, పోయిన వేసవిలో కొడుకును మట్టి చేసిన తల్లి, ఆదివారం ఆరాధన అయ్యాక మా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, నేను వాడి సమాధి కాడికి పోతే పాపమా?" అని అడిగింది. ఆమె కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందు తేదీ సంగతి. నవంబరు 2 మెక్సికోలో పుట్టలేదు. ఫ్రాన్సు దేశంలో క్లూనీ అనే చోట ఒక గొప్ప మఠం ఉండేది. 994 నుండి 1049 వరకు దానికి అధిపతిగా ఉన్న ఒడిలో అనే ఆయన, మరణించిన విశ్వాసులందరి కోసం ఆ రోజున ప్రార్థన చేయాలని తన మఠాలకు కట్టడ పెట్టాడు. నవంబరు 1 అప్పటికే సకల పరిశుద్ధుల పండుగ. దాని మరునాడు ఇది. అక్కడ మొదలై ఆ ఆచారం పడమటి సంఘమంతా పాకింది. స్పెయిన్ సేనాని కోర్తెస్ మెక్సికో తీరంలో దిగింది 1519లో. అంటే ఈ తేదీ ఓడ ఎక్కి అక్కడికి వెళ్లింది, అక్కడి నుండి రాలేదు. మన తెలుగు నేలకూ మిషనరీలతోనే వచ్చింది. అక్కకూ చెల్లెలికీ తల్లి ఒకతే అయితే, చెల్లెల్ని అక్కే కన్నదంటోంది ఈ మెసేజి. చనిపోయినవారి కోసం ప్రార్థించడం మన బోధ కాదు గనుక ఒడిలోతో మనకు పేచీ ఉంది. పేచీ ఉన్నంత మాత్రాన అబద్ధం ఆడవచ్చా?

మరి మెసేజిలో చెప్పిన అజ్టెకుల దేవత మాటేమిటి? అందులో కొంత నిజం ఉంది. స్పెయినువాళ్లు రాకముందు అక్కడి ప్రజలు, చనిపోయినవారు మిక్ట్లాన్ అనే పాతాళానికి పోతారని, అది నాలుగేళ్ల ప్రయాణమని, దారిలో నది దాటించడానికి కుక్క తోడు కావాలని నమ్మేవారు. ఆ లోకానికి ఒక రాజు, ఒక రాణి. ఆ రాణి మిక్టెకసీవాట్ల్. చనిపోయిన పిల్లలకు ఒకటి, పెద్దలకు ఒకటి వాళ్లకు పండుగలుండేవి, అయితే అవి ఆగస్టు ప్రాంతంలో వచ్చేవి. 16వ శతాబ్దంలో దియేగో దురాన్ అనే దొమినికన్ సన్యాసి ఇవన్నీ రాసిపెట్టాడు. సకల పరిశుద్ధుల దినాన పిల్లలకు, మరునాడు పెద్దలకు జనం అర్పణలు పెట్టడం చూసి, పాత పండుగను కొత్త పండుగ చాటున దాచారేమోనని ఆయన అనుమానపడ్డాడు. ఆ అనుమానం మాకు బాగా అర్థమవుతుంది. బాప్తిస్మం తీసుకున్న ఇంట్లో పసివాడి మొలతాడుకు తాయెత్తు కనబడినప్పుడు మాకూ అలాగే ఉంటుంది.

అయితే పండుగ బల్ల మీద ఉన్నవేమిటో చూడండి. గోధుమ రొట్టె ఉంది, పంచదారతో చేసిన పుర్రెలు ఉన్నాయి. గోధుమ, చెరకు రెండూ స్పెయినువాళ్లు తెచ్చినవే. ఆ రోజున సమాధుల దగ్గర రొట్టె పెట్టడం స్పెయినులోనూ ఉన్న అలవాటే. అసలు ఈ పండుగలో ఎక్కువ భాగం కతోలిక ఆచారమేనని ఎల్సా మాల్విదో అనే మెక్సికో చరిత్రకారిణి వాదించింది. అక్కడి నేలలో పుట్టినవి సాంబ్రాణి వంటి కోపాల్ ధూపం, బంతిపూలు. అవును, మన బంతిపూలే. బంతి పుట్టిల్లు మెక్సికో. మిరప, టమాటా, మొక్కజొన్న కూడా ఆ వైపు నుండే మన దేశానికి వచ్చాయి. మెక్సికో నుండి వచ్చిందల్లా సాతానుదే అయితే, మెసేజి పంపిన సహోదరులు మధ్యాహ్నం పచ్చిమిరపకాయ పచ్చడి ఎలా తిన్నారో మరి.

ఇక ఆ టోపీ బొమ్మ. అది ఏ దేవతదీ కాదు. 1913లో చనిపోయిన హోసే గ్వాదలూపే పొసాద అనే చిత్రకారుడు చివరి ఏళ్లలో చెక్కిన హాస్యచిత్రం అది. తన జాతిని దాచుకుని ఐరోపావాళ్లలా తయారయ్యే ఆడవాళ్లను ఎగతాళి చేయడానికి గీశాడు. ఎంత అలంకరించుకున్నా లోపల ఉన్నది ఎముకలే కదా అని. మా ఉపదేశంలో కూడా ఆ మాట చాలాసార్లు విన్నారు మీరు. 1947లో దియేగో రివేరా తన గోడచిత్రంలో ఆమెకు నిండుగా బట్టలు తొడిగాక ఆ బొమ్మకు అంత పేరు వచ్చింది. మెసేజితో వచ్చిన వీడియోలోని పుర్రెల ఊరేగింపు కూడా వేల ఏళ్లది కాదు. 2015లో ఒక జేమ్స్ బాండ్ సినిమా కోసం అలాంటి ఊరేగింపు కల్పించి తీశారు. అది చూసి మెక్సికో నగరంలో 2016 నుండి నిజంగానే మొదలుపెట్టారు.

ఇళ్లలో జరిగేది వేరు. పండుగకు ముందు కుటుంబమంతా వెళ్లి సమాధులు శుభ్రం చేసుకుంటారు. ఇంట్లో ఒక బల్ల వేసి చనిపోయినవారి ఫొటో పెడతారు. దూరం నడిచి దాహంతో వస్తారని ఒక గ్లాసు నీళ్లు, కొంచెం ఉప్పు, రొట్టె, వారికి ఇష్టమైన కూర. ఇల్లు గుర్తుపట్టేందుకు గుమ్మం నుండి బల్ల దాకా బంతిరేకులు చల్లుతారు. నవంబరు 1 పిల్లలది, ఆ రోజున బల్ల మీద ఆటబొమ్మలు, మిఠాయిలు ఉంటాయి. పాత్స్క్వారో సరస్సు మధ్య హనీత్సియో అనే దీవిలో ఆడవాళ్లు రాత్రంతా కొవ్వొత్తుల మధ్య సమాధుల పక్కన కూర్చుంటారు. బిడ్డ బొమ్మను బల్ల మీద పెట్టిన ఆ తల్లి సాతానును పిలవడం లేదు. బిడ్డను పిలుస్తోంది.

ఆ పిలుపు తప్పు. ఇందులో మేము ఒక్క అడుగు కూడా వెనక్కి వేయము. లూకా 16లో ప్రభువు చెప్పిన అగాధాన్ని ఏ పూలబాటా దాటదు. బిడ్డ చనిపోయాక దావీదు ఏమన్నాడు? తానే వాడి దగ్గరకు పోతాడు గాని వాడు తిరిగి రాడని ఒప్పుకున్నాడు. అప్పటికే లేచి, స్నానం చేసి, మందిరానికి వెళ్లి వచ్చాడు. చనిపోయినవారికి అర్పణ పెట్టలేదని ఇశ్రాయేలీయులు దేవుని ఎదుట చెప్పవలసి ఉండేదని ద్వితీయోపదేశకాండము 26లో ఉంది. దక్షిణ మెక్సికోలోని చమూలా అనే ప్రాంతంలో, ఊరి పండుగలలో పాలు పొందమన్నందుకు 1970ల నుండి వేలమంది సువార్త విశ్వాసులను ఇళ్ల నుండి తరిమేశారు. వాళ్లు తమ పొరుగువారి మీద అబద్ధాలు పంపి ఆ సాక్ష్యం సంపాదించుకోలేదు. ఇల్లు, పొలం పోగొట్టుకుని సంపాదించుకున్నారు. మనకు ఫార్వర్డ్ నొక్కడానికి ఒక వేలు చాలు.

అంత దూరం ఎందుకు? మన సమాధుల తోటలోనే, నాన్నకు ఇష్టమని బీడీ కట్ట పెట్టిన చేతులను మేము చూశాము. ఆ చేతులు ప్రభువు బల్ల దగ్గర చాపిన చేతులే. మెక్సికోను తిట్టినంత గట్టిగా దాని గురించి ఎవరూ మాట్లాడలేదు, మాతో సహా. ఆ ముళ్లకంపల మధ్య ఎవరి సమాధి ఎక్కడుందో కూడా తెలియకుండా పోతోంది. తొమ్మిదవ ఆజ్ఞ, పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం వద్దన్న ఆజ్ఞ, సముద్రం అవతలి పొరుగువానికి వర్తించదని ఏ వాక్యంలో ఉంది?

కాబట్టి అమ్మా, నీ ప్రశ్నకు మా జవాబు: వెళ్లు. శారాను పాతిపెట్టడానికి అబ్రాహాము నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చాడు. రాహేలు సమాధి మీద యాకోబు స్తంభం నిలబెట్టాడు. లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీళ్లు పెట్టుకున్నాడు. మగ్దలేనే మరియ సమాధి దగ్గరకు పోయి ఏడ్చింది గనుకనే తిరిగి లేచిన ప్రభువును అందరికంటే ముందు చూసింది. నీ కొడుకుకు అన్నం పెట్టవద్దు, వాడితో మాట్లాడుతున్నానని అనుకోవద్దు. ఏడుపు వస్తే ఏడువు. చీకటిగా ఉంటే కొవ్వొత్తి వెలిగించుకో.

నవంబరు 2 ఉదయం ఆరు గంటలకు సమాధుల తోట గేటు దగ్గర కలుద్దాము. కొడవలి, పార ఎవరివి వారు తెచ్చుకోండి. సున్నం మేము తెప్పిస్తాము. యవ్వనస్థులు వెనక వరుసలోని కంప కొట్టాలి. శుభ్రం చేయడం అయ్యాక పునరుత్థానం మీద చిన్న వాక్యం, ప్రార్థన ఉంటాయి. మెసేజి పంపినవారు ఈ రాత్రికే దాన్ని గ్రూపులో నుండి తీసేయండి. ఎవరెవరికి పంపారో వారందరికీ అది నిజం కాదని ఒక్క మాట రాయండి.